దారి చూపింది చాలు, ఇక మనమే రాద్దాం

ఇది పొడవు పోస్టు, ముందే చెప్తున్నాం. ఇంటర్‌లో బైపీసీ, డిగ్రీలో జువాలజీ, బోటనీ చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు మాత్రం తీరిక చేసుకొని చివరిదాకా చదవండి. రాయదుర్గం వైపు సుగాలి తండాల నుంచి, ఎరుకల వాడల నుంచి చదువుకుంటున్న మేం కొందరం కూర్చొని మాట్లాడుకొని రాస్తున్నది ఇది.

మన గ్రూపులో వచ్చే ప్రశ్నలు ఎప్పుడూ నాలుగే. డీఎస్సీ ఎప్పుడు? కానిస్టేబుల్ కటాఫ్ ఎంత? గ్రూప్-2 కోచింగ్ యాడ బాగుంటాది? నర్సింగ్‌లో సీటు మిగిలిందా? ఇవేవీ తప్పు ప్రశ్నలు కావు. ఇంట్లో ఒక్కరికి ఉద్యోగం వస్తే బెంగళూరుకు సెంట్రింగ్ పనికి పోయిన అన్న వెనక్కి వస్తాడు. పొద్దస్తమానం మిషన్ మీద వంగి జీన్స్ ప్యాంట్లు కుట్టే అక్కకు కాస్త ఊపిరాడుతుంది. కానీ ఐదో ప్రశ్న ఒకటి ఉంది, దాన్ని ఎవరూ అడగరు. ఎండ నేలల్లో బతికే జంతువులు ఎక్కడి నుంచి వచ్చాయి, ఎప్పుడు వచ్చాయి, ఎట్లా మారాయి అని జీవితమంతా చదివే జీవశాస్త్రవేత్త పని మనకెందుకు కాకూడదు?

మా అభిప్రాయం సూటిగా చెప్తాం. ఈ పనికి కావాల్సిన మొదటి చదువు మన తండాల పిల్లలకు పుట్టినప్పటి నుంచీ ఉంది. అయినా ఈ శాస్త్రంలో మనలాంటి పల్లె, తండా మనుషులకు ఇప్పటిదాకా దక్కింది ఎక్కువగా దారి చూపే పని, పట్టి ఇచ్చే పని, సంచి మోసే పని. రాసే పని దక్కలేదు. అది మారాలి.

ముందు మన నేల సంగతి. అనంతపురం ఎడారి అవుతోందని చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాం. ఏడాదికి సగటున పడే వాన 550 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, అదీ నమ్మకం లేదు. నైరుతి మేఘాలు పడమటి కనుమల అవతలే బరువు దింపుకొని మన వైపు గాలిగా మాత్రమే వస్తాయి. బొమ్మనహాళ్, కణేకల్లు వైపు పోయి చూడండి. దర్గా హొన్నూరు దగ్గర ఇసుక దిబ్బలు ఉన్నాయి. వేదవతి, అంటే మన హగరి, తెచ్చిపోసిన ఇసుకను ఆ గాలి ఎత్తుకుపోయి చేల మీద పోస్తుంది. రాజస్థాన్ ఫోటో అని చెప్తే నమ్మేస్తారు. భూగోళశాస్త్రం లెక్కలో మనది ఎడారి కాదు, పాక్షిక శుష్క ప్రాంతం. కానీ ఇక్కడ బతికే తొండకు, తోడేలుకు, జింకకు ఉన్న సమస్యలు ఎడారి జంతువుకు ఉన్నవే: నీళ్లు తక్కువ, నీడ తక్కువ, వేడి ఎక్కువ, దాక్కునే చోటు తక్కువ.

ఇట్లాంటి జంతువుల పూర్వ చరిత్రను ఎట్లా కనుక్కుంటారు? మనకు దగ్గరి ఉదాహరణతో చెప్పుకుందాం. గోర్‌బోలికి సొంత లిపి లేదు, మన పెద్దలు కాగితాల మీద చరిత్ర రాసి పెట్టలేదు. అయినా భాష చదివినవాళ్లు మన మాటలను రాజస్థాన్ వైపు మాటల పక్కన పెట్టి చూసి, ఇవి ఒకే కుటుంబం అని చెప్పారు. ఏ మాట కలుస్తోంది, ఏ మాట తెలుగు, కన్నడం నుంచి వచ్చి చేరింది అని చూస్తే, ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని దక్కనుకు నడిచొచ్చిన దారి కనబడుతుంది. జంతువుకు ఆ మాటల స్థానంలో డీఎన్‌ఏ ఉంటుంది. ఒక తొండ తోక కొసలో చిన్న ముక్క చాలు. అందులో జన్యు అక్షరాల వరుస చదువుతారు. రాయదుర్గం తొండ వరుసను మహారాష్ట్ర తొండ వరుస పక్కన, శ్రీలంక తొండ వరుస పక్కన పెడతారు. తేడాలు తక్కువుంటే దగ్గరి దాయాదులు, ఎక్కువుంటే ఎప్పుడో విడిపోయినవాళ్లు. తేడాలు ఎంత వేగంతో పోగవుతాయో శిలాజాల వయసుతో సరిచూసుకుంటే, ఎన్ని లక్షల ఏళ్ల కిందట విడిపోయాయో అంచనా వస్తుంది.

ఈ పని మనకు దగ్గర్లోనే జరుగుతోంది. బెంగళూరు ఐఐఎస్‌సీలో ప్రవీణ్ కారంత్ అనే ప్రొఫెసర్ ప్రయోగశాల ఉంది. ద్వీపకల్ప భారతంలో జంతువులు ఎట్లా పుట్టుకొచ్చాయి, ఎట్లా చీలాయి అనే ప్రశ్న మీద ఏళ్ల తరబడి పని చేస్తున్నారు. గోడ మీది బల్లి మీద, కొండముచ్చు మీద, పొలం తొండ మీద ఆయన, ఆయన విద్యార్థులు రాసిన పేపర్లు ఉన్నాయి. 2010లో బన్సల్‌తో కలిసి రాసిన పేపర్లో తేల్చిన ఒక సంగతి చూడండి: ఆసియా అంతటా ఇళ్లల్లో తిరిగే బల్లుల పుట్టిల్లు భారత ఉపఖండమే. మన ఇంటి బల్లికి ఇంత చరిత్ర ఉందని ఏ బళ్లో చెప్పారు మనకు?

తొండ సంగతి ఇంకా బాగుంటుంది. ఎండాకాలంలో చేలగట్టు రాయెక్కి, గొంతు కింది తోలును విసనకర్రలాగా విప్పి ఆడించే చిన్న తొండను మీరంతా చూసే ఉంటారు. అది మగది, ఆడదాన్ని పిలుస్తా ఉంటుంది, ఇంకో మగదాన్ని బెదిరిస్తా ఉంటుంది. దీనికి శాస్త్రం పెట్టిన పేరు సిటానా. పుదుచ్చేరి పేరు కలిపి 1829లో ఫ్రాన్సు శాస్త్రవేత్త కువియే పెట్టాడు. ఆ తర్వాత దాదాపు రెండు వందల ఏళ్లు దేశంలో ఇట్లాంటివి ఒకటో రెండో రకాలే అనుకుంటూ వచ్చారు. కారంత్ బృందంలో వి. దీపక్, వరద్ గిరి లాంటి వాళ్లు ఊరూరు తిరిగి, డీఎన్‌ఏ చూసి, 2016లో ఒక కొత్త ప్రజాతిని, ఐదు కొత్త జాతులను ప్రకటించారు. 2018లో దీపక్, కారంత్ రాసిన పేపరు ఇంకో అడుగు ముందుకు పోయింది. కోటి ఏళ్లకు అటూ ఇటూగా ఉపఖండం ఎండిపోవడం మొదలైంది, అడవి పలచబడి బయలు నేల పెరిగింది, ఆ ఎండే ఈ తొండలను ఇన్ని రకాలుగా చీల్చింది అని. అంటే మనం శాపం అనుకునే ఈ ఎండే వాటికి పుట్టుక.

ఇక్కడ ఒక్క విషయం ఆలోచించండి. ఆ కొత్త ప్రజాతికి పెట్టిన పేరు 'సరడా', మరాఠీలో తొండను పిలిచే మాట. కొత్త జాతుల్లో ఒకదానికి పెట్టిన పేరు 'విసిరి', తమిళంలో విసనకర్ర. మరాఠీ మాట, తమిళ మాట ప్రపంచ శాస్త్రంలోకి పోయాయి. గోర్‌బోలి మాట ఎందుకు పోకూడదు? ఎరుకల మాట, చెంచుల మాట, కోయ మాట, సవర మాట ఎందుకు పోకూడదు? పోవాలంటే పేరు పెట్టే చోట మనం కూర్చొని ఉండాలి. జాతిని మొదట వర్ణించి ప్రచురించినవాళ్లకే పేరు పెట్టే హక్కు. అడవిలో చూపించినవాళ్లకు ఆ హక్కు ఉండదు.

ఇదంతా తొండల ముచ్చట, దీంతో మనకేం ఒరుగుతుంది అంటారా? ఒరుగుతుంది. మన పశువులు, గొర్రెలు మేసే బయలు నేలను సర్కారు కాగితాల్లో ఏమంటారు? బంజరు, బీడు, వేస్ట్‌ల్యాండ్. హైదరాబాద్ ఎన్‌ఆర్‌ఎస్‌సీ ఉపగ్రహ చిత్రాలతో తయారు చేసే దేశ వేస్ట్‌ల్యాండ్ అట్లాస్‌లో ముళ్లపొదల నేల కూడా ఒక రకం వేస్ట్‌ల్యాండే. పేరు పడితే పని తేలిక. ఎవరూ లేని నేల, దేనికీ పనికిరాని నేల అని రాసేస్తే, దాన్ని దేనికైనా ఇచ్చేయొచ్చు. సోలార్ ప్లేట్లు రావొద్దని, గాలిమరలు వద్దని మేం అనడం లేదు. కరెంటు అందరికీ కావాలి. కానీ ఇక్కడ ఏమీ లేదు అనే మాట మాత్రం అబద్ధం.

ఆ మాట అబద్ధమని చూపించింది కూడా ఇట్లాంటి శాస్త్రమే. పాము కన్నులాంటి కన్నుండే ఆఫిసాప్స్ అనే చిన్న బల్లులు బయలు గడ్డి నేలల్లోనే బతుకుతాయి. వాటి బంధువులు పడమటి ఎడారి దేశాల్లో ఉన్నాయి. ఈశాన్ అగర్వాల్, ఎన్‌సీబీఎస్ ప్రొఫెసర్ ఉమా రామకృష్ణన్ 2017లో వాటి వంశవృక్షం గీసి చూపించారు. మన దేశపు గడ్డి మైదానాలు మనుషులు అడవి నరికితే వచ్చినవి కావు, మనిషి ఇక్కడ అడుగు పెట్టకముందే, ఎన్నో లక్షల ఏళ్ల నుంచి ఉన్నవి అని. 2022లో మధుసూదన్, వనక్ ఇట్లాంటి నేలల పటం గీశారు. దేశ భూభాగంలో సుమారు పదో వంతు అవే. అందులో రక్షిత ప్రాంతాల్లో ఉన్నది ఐదు శాతం కూడా లేదు. చూశారా, ఒక బల్లి వంశవృక్షం ఎక్కడిదాకా వచ్చిందో! నేల వయసు తెలిస్తే నేల విలువ మీద వాదించొచ్చు. ఆ వాదన మన తరఫున వేరేవాళ్లు చేసిపెడతారని ఎంతకాలం చూస్తాం?

తోడేలునూ చూడండి. గొర్రెల కాపరికి అది దొంగ, మనకు కథల్లో మోసగాడు. 2021లో లారెన్ హెన్నెలీ బృందం తోడేళ్ల పూర్తి జన్యువులను చదివి, ఇప్పుడు ప్రపంచంలో బతికున్న తోడేళ్లలో అన్నిటికంటే ముందు విడిపోయిన పాత వంశాల్లో భారత తోడేలు ఒకటి అని తేల్చింది. ఆ పాత వంశం దాక్కునేది పెద్ద పులుల అడవిలో కాదు. మన లాంటి మెట్ట నేలల్లో, కంపల్లో, వంకల గట్టు బొరియల్లో. మంద పక్కన రాత్రిళ్లు పడుకున్న మన పెద్దలకు అది ఏ వంకలో పిల్లలు పెడుతుందో, ఏ నెలలో పెడుతుందో తెలుసు.

ఇప్పుడు అసలు మాటకు వస్తాం. కలివి కోడి కథ రాయలసీమలో పుట్టిన ప్రతి విద్యార్థికి తెలిసి ఉండాలి. రాత్రిపూట ముళ్లపొదల మధ్య పరుగెత్తే చిన్న పక్షి అది. పేరులోనే అది తిరిగే పొద ఉంది. 1848లో శాస్త్రం రికార్డుకెక్కింది, జెర్డాన్ పేరు తగిలించారు. 1900లో మన అనంతపురం దగ్గర హోవార్డ్ క్యాంప్‌బెల్ చూశాడు. ఆ తర్వాత అంతే. ఎనభై ఏళ్లకు పైగా శాస్త్రవేత్తలకు కనబడలేదు, అంతరించిపోయిందని రాసేసుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర అది మళ్లీ దొరికింది. కనుక్కున్నది ఎవరు అని వెతికితే బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ, భరత్ భూషణ్ అనే పేర్లు వస్తాయి. వాళ్ల కష్టం నిజమైందే, తక్కువ చేయడం లేదు. కానీ రాత్రి టార్చి పట్టుకొని పోయి ఆ పక్షిని కళ్లముందు పెట్టింది ఐతన్న అనే స్థానిక వేటగాడు. పుస్తకాల్లో చచ్చిపోయిన పక్షి ఆ చుట్టుపక్కల వేటగాళ్ల మాటల్లో బతికే ఉంది. దాని వల్లే తర్వాత శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది, తెలుగుగంగ కాలువ దారి గురించి పోరాటం వచ్చింది.

ఆ తర్వాత జరిగింది ఇంకా గమనించాలి. రాత్రి తిరిగే పక్షిని లెక్కపెట్టేది ఎట్లా? పి. జగన్నాథన్, ఆయనతో పనిచేసినవాళ్లు పొదల మధ్య నేలను చదును చేసి మెత్తటి మన్ను పట్టీలు వేశారు. తెల్లారి పోయి వాటి మీద పడిన అడుగులు చూశారు. వెనక వేలు లేని మూడు వేళ్ల అడుగు పడితే కలివి కోడి వచ్చినట్టు. 2002లో అది అంతర్జాతీయ పత్రికలో శాస్త్రీయ పద్ధతిగా అచ్చయింది. మెత్తటి మన్ను మీద అడుగు చూసి ఏది పోయిందో, ఎప్పుడు పోయిందో, ఎటు పోయిందో చెప్పడం మన తాతలకు రాదా? వాళ్లు అది చేస్తే వేట. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక అది కేసు. ఉడుము మొదటి షెడ్యూల్లో ఉంది, దాన్ని పట్టుకుంటే జైలే. అదే చూపు, అదే తెలివి చదువుతో కలిస్తే మాత్రం పీహెచ్‌డీ. ఒకే తెలివికి రెండు ఫలితాలు ఎందుకు? మధ్యలో ఉన్నది చదువు, కాగితం, ఇంగ్లీషు. అంతే.

వేటను వెనకేసుకొస్తున్నామని ఎవరూ అనుకోవద్దు. చట్టం చట్టమే, ఆ జంతువులు తగ్గిపోయింది నిజమే. మేం అనేది ఆ తెలివి వేటతోపాటే చచ్చిపోకూడదని. తమిళనాడులో ఇరుళులు పాములు పట్టే సహకార సంఘం 1978లో పెట్టుకున్నారు. విషం తీసి, పామును మళ్లీ అడవిలో వదిలేస్తారు. ఆ విషంతోనే పాముకాటు మందు తయారవుతుంది. వాళ్లలో మాసి సడయన్, వడివేల్ గోపాల్‌ను 2017లో అమెరికాలోని ఫ్లోరిడా పిలిపించుకుంది, అక్కడి కొండచిలువలను పట్టడానికి. 2023లో ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. చదివి ఛాతీ ఉప్పొంగింది మాకు. కానీ వాళ్ల మనవళ్లు పట్టేవాళ్లుగానే కాకుండా, ఆ పాముల చరిత్ర రాసే ప్రొఫెసర్లుగా కూడా కనబడాలని మా ఆశ.

సరే, ఇంట్లో ఏమంటారో మాకు తెలుసు. "ఏందప్పా, ఇంత చదివించింది తొండల ఎనకాల తిరగనీకా?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. దాపరికం లేకుండా చెప్తాం. ఈ దారి పొడవు. డిగ్రీ, పీజీ అయ్యాక పీహెచ్‌డీకి ఐదారేళ్లు పడుతుంది. పర్మినెంట్ పోస్టులు తక్కువ. ఫెలోషిప్ డబ్బు నెలనెలా టైముకు పడదు, ఆ ఇబ్బంది పడ్డవాళ్లు మనలోనే ఉన్నారు. ఇంగ్లీషులో పేపరు రాయాలి, లెక్కలు, కంప్యూటర్ ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలి. ఇప్పుడు సగం జీవశాస్త్రం ల్యాప్‌టాప్ మీదే జరుగుతోంది. అందరికీ కుదిరే పని కాదు. తండా నుంచి వందమంది ఇటే రండి అని మేం చెప్పడం లేదు. మండలానికి ఒక్కరు వచ్చినా పదేళ్లలో పరిస్థితి మారుతుంది అంటున్నాం.

దారులు ఇవి, రాసి పెట్టుకోండి. ఇంటర్ కాగానే ఐసర్ ప్రవేశ పరీక్ష రాయొచ్చు. ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ కోర్సు. మనకు దగ్గర్లో తిరుపతిలోనే 2015 నుంచి ఐసర్ ఉంది, ఎస్టీలకు 7.5 శాతం సీట్లు. అది కుదరకపోతే మామూలు బీఎస్సీ చేసి, జువాలజీలోనో, బయోటెక్నాలజీలోనో ఎంఎస్సీ చేయొచ్చు. అనంతపురంలోనే శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ ఉంది. ఆ తర్వాత సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ రాయాలి. జేఆర్‌ఎఫ్ వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు ఇస్తున్నారు. కేవలం ఎస్టీ విద్యార్థుల కోసం కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ నేషనల్ ఫెలోషిప్ వేరే ఉంది, ఏడాదికి 750 మందికి. గేట్‌లో పరిణామ, పర్యావరణ శాస్త్రానికి విడిగా ఒక పేపరే ఉంది. డెహ్రాడూన్ వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్, బెంగళూరు ఎన్‌సీబీఎస్, ఐఐఎస్‌సీ, హైదరాబాద్ సీసీఎంబీ వాళ్ల లాకోన్స్, ఇవన్నీ ఈ పని జరిగే చోట్లు. ఈ పేర్లు మన హాస్టల్ నోటీసు బోర్డు మీద కనబడవు. అందుకే ఇక్కడ రాస్తున్నాం.

చదువు సంగతి అటుంచండి, రేపటి నుంచే చేయగలిగిన పనులు ఉన్నాయి. ఒకటి, ఫోన్‌తో ఫోటో తీయండి. తొండ, బల్లి, పక్షి, అడుగుజాడ, ఏదైనా సరే. తేదీ, ఊరు రాయండి. ఐనాచురలిస్ట్, ఈబర్డ్ లాంటి యాప్‌లలో పెడితే శాస్త్రవేత్తలు చూస్తారు. ముట్టుకోవద్దు, పట్టుకోవద్దు, గూడు కదిలించవద్దు. రెండు, రాయదుర్గం కొండ గుండ్ల లాంటి చోట్లను తక్కువగా చూడకండి. తెలంగాణలో ఇదే ధార్వాడ్ పాత రాళ్ల నేలలో, గుండ్ల మధ్య బతికే రెండు కొత్త బల్లి జాతులను 2020లో ప్రకటించారు. కొత్తది దొరకడానికి అమెజాన్‌కే పోవాల్సిన పని లేదు. మూడు, 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. మీ పంచాయతీలో అది ఉందా, అందులో తండా పెద్దలు చెప్పిన సంగతులు ఉన్నాయా అని అడగండి. చెప్పినవాళ్ల పేరు కూడా రాయమనండి.

నాలుగోది, పరిశోధకులు మన ఊళ్లకు వచ్చినప్పుడు సంగతి. వాళ్లను గౌరవంగానే చూద్దాం, సాయం చేద్దాం. కానీ అడగాల్సింది అడుగుదాం. రోజు కూలి ఇచ్చి పంపేస్తే సరిపోదు. పేపరు వచ్చాక ఒక కాపీ ఇవ్వండి, తెలుగులో ఏం తేలిందో తండాలో వచ్చి చెప్పండి, నిజంగా పనిచేసిన వాళ్ల పేరు రచయితల్లో పెట్టండి, మా పిల్లల్లో ఒకరికి ఎండాకాలం సెలవుల్లో మీ ల్యాబ్ చూపించండి. ఇది భిక్ష అడగడం కాదు. పనికి తగ్గ గుర్తింపు అడగడం.

చివరగా మీ అందరికీ ఒక పని ఇస్తున్నాం. ఈ పోస్టు కింద మీ భాషలో తొండను ఏమంటారో రాయండి. తోడేలును, ఉడుమును, బట్టమేక పిట్టను ఏమంటారో రాయండి. అవ్వనో, తాతనో అడిగి రాయండి. ఏ ఊరు, ఏ భాష అని కూడా పెట్టండి. సుగాలి, ఎరుకల, యానాది, చెంచు, కోయ, సవర, ఎవరైనా సరే. వచ్చినవన్నీ ఒక పట్టీగా చేసి మేం గ్రూపులో పెడతాం. రేపు మనలో ఒకరు కొత్త జాతిని కనుక్కున్న రోజు, పేరు కోసం ఆ పట్టీలోనే వెతుక్కుంటారు.

బైపీసీ తమ్ముళ్లు, చెల్లెళ్లు, సందేహాలు ఉంటే అడగండి. తెలిసింది చెప్తాం, తెలియంది కనుక్కొని చెప్తాం. ఉంటాం.